చమురు బావిలోని పురుగే మన ఎస్టీపీలోనూ ఉంది



వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఎస్టీపీ ఖర్చు మీద చర్చ ఉంది. రాత్రిపూట బ్లోయరు ఆపేస్తే కరెంటు బిల్లు తగ్గుతుందని గ్రూపులో కొందరు రాశారు. ట్యాంకు కడగడానికి లారీ ఎందుకు, ఇద్దరు మనుషుల్ని దింపితే సగం ఖర్చులో అయిపోతుంది కదా అని ఇంకొందరు అన్నారు. ఈ రెండు మాటలూ ప్రమాదమని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త దూరం నుంచి, భూమి అడుగున ఉన్న చమురు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మేము చదివింది తమిళ మీడియం, చేసింది రైల్వేలో గుమాస్తా పని. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

చమురు ఉండేది భూమి లోపల రాతి పొరల్లో. అక్కడ గాలి లేదు, వెలుగు లేదు, ఉప్పునీళ్ళు, వేడి, పైనుంచి బరువు. అలాంటి చోట ప్రాణి ఏముంటుంది అనుకునేవాళ్ళు. చికాగో విశ్వవిద్యాలయంలో బాస్టిన్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఒక అనుమానం వచ్చింది. చమురుతోపాటు పైకి వచ్చే నీళ్ళలో కుళ్ళిన కోడిగుడ్ల వాసన ఎందుకొస్తోంది అని. గ్రీర్ అనే ఆయనతో కలిసి ఆ నీళ్ళను పరీక్ష చేయించి, అందులో బతికున్న సూక్ష్మజీవులు ఉన్నాయని 1926లో ప్రకటించారు.

పురుగు అంటున్నాం గానీ అది కంటికి కనపడదు. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అది నీళ్ళలోని సల్ఫేటును వాడుకుంటుంది. తిండి చమురులోని పదార్థాలే. అది వదిలే గాలి హైడ్రోజన్ సల్ఫైడ్. సుమారు 80 డిగ్రీల వేడి దాటితే చమురు పొరల్లో ఈ జీవులు నిలవడం కష్టం. అంతకు తక్కువ వేడి ఉన్నచోట లక్షల ఏళ్ళపాటు తిని, పల్చటి నూనెను తారులాగా మార్చేస్తాయి. కెనడాలోని ఆల్బర్టాలో ఇసుకతో కలిసి ఉన్న తారు నూనె అలా తయారైనదే.

చమురు కంపెనీలకు ఈ పురుగు మంచీ చేస్తుంది, చెడూ చేస్తుంది. నూనెను పైకి నెట్టడానికి సముద్రపు నీళ్ళు లోపలికి పంపిస్తే, ఆ నీళ్ళలోని సల్ఫేటు దొరికి ఇవి విజృంభిస్తాయి. మంచి బావిలో విషవాయువు పుడుతుంది, పైపులు తినుకుపోతాయి. మంచి వైపు చూస్తే, మన దేశంలో టెరీ సంస్థ, ఓఎన్‌జీసీ కలిసి వేడికి తట్టుకునే వేరే రకం సూక్ష్మజీవుల్ని ఏరి, మేతతో సహా ముసలి బావుల్లోకి పంపి, రాయికి అంటుకుపోయిన నూనెను రాబట్టే పద్ధతి తయారుచేశాయి. అందుకోసం 2007లో ఒక కంపెనీ కూడా పెట్టాయి. అంటే పురుగుతో పని చేయించుకోవచ్చు, కానీ దాని గుణం తెలిసి, జాగ్రత్తగా.

ఇప్పుడు మన బేస్‌మెంటుకు రండి. మన బోరు నీళ్ళలో, సబ్బుపొడిలో, మలమూత్రాల్లో సల్ఫేటు ఉంది. తిండికి కొదవే లేదు. బ్లోయరు తిరుగుతున్నంతసేపు గాలి పీల్చే మంచి సూక్ష్మజీవులు మురికిని తింటాయి. బ్లోయరు ఆపితే నీళ్ళలోని ఆక్సిజన్ కొద్దిసేపట్లో అయిపోతుంది. అప్పుడు ఆ చమురు బావి చుట్టాలు నిద్ర లేస్తాయి. అడుగున పేరుకున్న మడ్డిలో అయితే అవి ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. మనిషి దిగి పార పెట్టి కదిపాడంటే, అందులో దాగిన గాలంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది.

గాలి అందని బురద ఏం చేస్తుందో మనకు కొత్తగా చెప్పాలా? మన పక్కనున్న బెళ్లందూరు చెరువు 2015లో, 2017లో, 2018లో అంటుకుంది. అడుగు బురదలో పుట్టే మీథేను కూడా దానికి ఒక కారణమని నిపుణులు అన్నారు.

"మన ఎస్టీపీలో వాసనే లేదు కదా" అని ఒకాయన రాశారు. వాసన లేకపోవడం ధైర్యం కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే వాసన వస్తుంది. పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళ దాకా చేరితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. ఐదారు వందలు దాటితే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. అది గాలికంటే బరువు, గుంతలోనే కూర్చుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగదు. ఒకడు పడిపోయాడని చూసి రెండోవాడు దిగుతాడు, అతనూ లేవడు.

2018 జనవరిలో మన హెచ్‌ఎస్‌ఆర్ పక్కనే సోమసుందరపాళ్యలో ఒక అపార్ట్‌మెంటు ఎస్టీపీలో ముగ్గురు చనిపోయారు. అది ఎక్కడో జరిగిన కథ కాదు, మన ఇళ్ళ నుంచి నడిచి వెళ్ళేంత దూరం.

కాంట్రాక్టరుదే బాధ్యత అనేవాళ్ళకు ఒక మాట. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారం 2014లో సుప్రీంకోర్టు చెప్పిన పది లక్షల నుంచి 2023లో ముప్పై లక్షలకు పెరిగింది. అయినా లెక్క డబ్బుది కాదు. దిగేవాడికీ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

మేము పెన్షన్ మీద బతికేవాళ్ళం. మెయింటెనెన్సు నెలకు వంద పెరిగినా మాకు తెలుస్తుంది. అయినా ఈ వంద మేము ఇస్తాం.

రైల్వేలో పై కరెంటు తీగ మీద పని చేయాలంటే, ముందు కరెంటు ఆపించి, చేతికి రాతపూర్వకంగా పర్మిట్ వచ్చాకే మనిషి స్తంభం ఎక్కాలి. తొందరగా ఉందనీ, తెలిసినవాడనీ ఎక్కనివ్వరు. ఆ పద్ధతే మన ఎస్టీపీకీ రావాలి. మీటింగులో ఈ తీర్మానాలు పెడుతున్నాం:

1. ట్యాంకు శుభ్రం చేయడం మెషీనుతో, సక్షన్ లారీతోనే. ఏ కారణంతోనూ మనిషి దిగకూడదు.
2. కరెంటు ఆదా కోసం బ్లోయరు ఆపకూడదు. జనరేటరు లైనులో ఎస్టీపీని కలపాలి.
3. గ్యాసు కొలిచే మీటరు ఒకటి కొనాలి. ఎస్టీపీ గదిలోకి వెళ్ళేముందు రీడింగు పుస్తకంలో రాయాలి.
4. మ్యాన్‌హోల్ మూతలకు తాళం, తాళంచెవి సెక్రటరీ దగ్గర.
5. మూత పక్కన కన్నడ, తెలుగు, తమిళం, హిందీల్లో హెచ్చరిక బోర్డు. ఎవరైనా లోపల పడిపోతే వెనక దిగకుండా ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయాలని అందులో ఉండాలి.

అన్నట్టు, జనరేటరు డీజిల్ ట్యాంకు అడుగున నీళ్ళు చేరితే అక్కడా సూక్ష్మజీవులు పెరిగి జిగురులా ఫిల్టరుకు అడ్డుపడతాయి. ఆ నీళ్ళు అప్పుడప్పుడు తీసేయించాలి. కరెంటు పోయినప్పుడు బ్లోయరు తిరిగేది దాని మీదే.

చమురు బావి దగ్గర పనిచేసేవాళ్ళు ఈ గాలికి భయపడి మీటరు లేకుండా అడుగు వెయ్యరు. వాళ్ళకు చదువు ఉంది, కంపెనీ ఉంది. మన ట్యాంకు దగ్గరికి వచ్చేవాడికి రెండూ లేవు. అతని తరఫున జాగ్రత్త పడాల్సింది మనమే. మీటింగుకు తప్పకుండా రండి. ఈ ఐదు తీర్మానాలకూ చెయ్యెత్తండి. వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో అందరి ముందూ చెప్పండి.