శరీరం ఆమెది, సంతకం ఎవరిది?

బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటనల్లో ఎప్పుడూ రెండు ఫోటోలుంటాయి. మొదటిదాంట్లో లావుగా, దిగులుగా ఉన్న స్త్రీ. రెండోదాంట్లో అదే స్త్రీ సన్నబడి నవ్వుతుంటుంది. ఆ నవ్వు తర్వాత ఆమె బతుకు ఎలా గడుస్తుందో చెప్పే మూడో ఫోటో మాత్రం ఉండదు.

ఈ ఆపరేషన్‌కు మేం వ్యతిరేకం కాదు. స్థూలకాయం జబ్బే తప్ప తప్పు కాదు. షుగరు, బి.పి., నిద్రలో ఊపిరాడకపోవడం వంటి బాధలున్న ఎందరికో ఈ చికిత్స మేలు చేస్తోంది. చేయించుకున్న స్త్రీని "నోరు కట్టుకోలేక కోయించుకుంది" అని ఎగతాళి చేయడం అన్యాయం. మా ప్రశ్న ఒక్కటే: ఆ నిర్ణయం ఎవరిది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అధిక బరువున్న స్త్రీలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. బరువు ఇద్దరికీ ఉంది. కానీ పెళ్లిచూపుల్లో, కాన్పు తర్వాత అత్తింట్లో, చివరికి సినిమా తెరమీద మాటలు పడేది స్త్రీలే. నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకున్నట్టు పత్రికలు రాశాయి. అది స్థూలకాయానికి చికిత్స కాదు. సన్నగా ఉన్న నాయికనే అంగీకరించే సినిమా వ్యాపారం స్త్రీల మీద పెట్టే ఒత్తిడిని ఆమె మరణం గుర్తుచేస్తుంది.

ఇక ఆ మూడో ఫోటో సంగతి. స్లీవ్ అనే పద్ధతిలో పొట్టలో దాదాపు ముప్పావు భాగాన్ని కోసి తీసేస్తారు. దాన్ని తిరిగి అతికించలేరు. ఆ తర్వాత కొద్దికొద్దిగా తినాలి, ఆ కొద్దిలోనే పప్పు, గుడ్డు, మాంసం వంటి బలమైన తిండి ఉండాలి. ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్ల మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. రక్తపరీక్షలు మానకూడదు. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 57.6 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలికి ఆ గుడ్డు ఎవరు పెడతారు? ముడిమ్యాల నుంచి పట్నం వెళ్లి పరీక్షలు చేయించుకోవడానికి కూలి పోగొట్టుకునేదెవరు? పిల్లలు ఇప్పుడే వద్దని అత్తింటివాళ్లకు చెప్పే ధైర్యం ఆమెకు ఎవరిస్తారు?

చట్టం ఆమె పక్షానే ఉంది. పరీక్ష కోసం వెళ్లిన ఒక స్త్రీకి మత్తులో ఉండగా, తల్లి సమ్మతితో, గర్భసంచి తీసేసిన కేసులో (సమీరా కోహ్లీ కేసు) సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు చెప్పింది. తెలివిలో ఉన్న పెద్ద వయసు మనిషి తరఫున మరొకరి సమ్మతి చెల్లదంది. చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికే వివరించాలంది. అవసరం లేకున్నా గర్భసంచులు పోగొట్టుకున్న స్త్రీలున్న మన పల్లెలకు ఈ తీర్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి సంతకానికి ముందు అడుగుదాం. ఇది నా జబ్బు కోసమా, ఎవరి కంటికో ఆనడం కోసమా? కోత లేని మార్గం ఉందా? తర్వాతి మందులకు, పరీక్షలకు ఏటా ఎంతవుతుంది? జవాబులు తెలుగులో, కాగితం మీద ఇవ్వమందాం. ఆపరేషన్ తర్వాతి పరీక్షలు, మాత్రలు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరకాలని సంఘాలుగా డిమాండ్ చేద్దాం. సన్నబడటం, సన్నబడకపోవడం ఆమె ఇష్టం. తెలుసుకుని నిర్ణయించుకోవడం ఆమె హక్కు.