జపాను భాష చదివితే ఏమొస్తుంది?

(డిగ్రీ మూడవ సంవత్సరం, వృక్షశాస్త్రం)

"డిగ్రీ అయిపోయాక ఏం చేద్దామనుకుంటున్నావు?" అని ఎవరైనా అడిగితే ఈ మధ్య నిజమే చెబుతున్నాను. జపాను భాషను యూనివర్శిటీలో ఒక పద్ధతిగా చదువుకోవాలని వుంది అంటున్నాను. విన్నవాళ్ళలో సగం మంది నవ్వుతారు. మిగతా సగం మంది "మంచిదే, అక్కడ జీతాలు బాగుంటాయటగా!" అంటారు. దాన్ని గురించి అడగవలసిన ప్రశ్న అడిగినవాడు మా నాన్న ఒక్కడే.

తెనాలి పక్కన మాది బీపీటీలు వేసే ఊరు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు నాన్న గడ్డివామి వేస్తున్నాడు. సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ళూ వరే పండిస్తారంటావు కదా. ఆ భాషలో వడ్లనేమంటారమ్మా?" అన్నాడు.

నాకు తెలియలేదు! ఏడాదిగా ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, ఫోనులో పాఠాలు వింటూ, సొంతంగా నేర్చుకుంటున్నాను. ఆ పుస్తకంలో 'రైస్' అన్నదానికి 'గొహన్' అని వుంది. గొహన్ అంటే వండిన అన్నం. వడ్ల అవసరం ఆ పుస్తకం రాసినవారికి పడలేదు.

ఆ రాత్రే నిఘంటువు వెతికాను. చేలో నిలబడి వున్న వరి 'ఇనె'. పొట్టు తీయని వడ్లు 'మొమి'. బియ్యం 'కొమె'. అన్నం 'గొహన్'. తవుడు 'నుక', గడ్డి 'వర', నారు 'నఎ', పొలం గట్టు 'అజె'. మా ఇంట్లో ఎన్ని మాటలున్నాయో అక్కడా అన్ని మాటలున్నాయి. "అన్నం తిన్నావా?" అంటే భోజనం చేశావా అని మనకు అర్థమైనట్లే, వాళ్ళకూ గొహన్ అంటే అన్నమూ, భోజనమూ రెండూను. ఇంగ్లీషువారు ఇన్నింటికీ తరచు ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. వాళ్ళ 'పాడీ' కూడా మలయా భాషనుంచి అరువు తెచ్చుకున్నదే.

నేను చెప్పదలచుకున్న విషయం ఇక్కడే వుంది. జపాను భాషకు వెళ్ళటానికి మన ఇంటి నుంచి దగ్గర దారి ఒకటి వుండగా, మనం ఇంగ్లీషు ఊరంతా చుట్టి వెళుతున్నాము.

వ్యాకరణమే చూడండి. 'జపానులో క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామవాచకం తర్వాత వస్తాయి' అని ఇంగ్లీషు పుస్తకాలు అదేదో వింతలాగా పేజీల కొద్దీ వివరిస్తాయి. మనకు అందులో వింతేముంది? 'నిన్న వచ్చిన మనిషి' అనటానికి వాళ్ళు 'కినో కిత హితొ' అంటారు. నిన్న, వచ్చిన, మనిషి! ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపనక్కర లేదు. 'వస్తానని అన్నాడు' అనే వాక్యంలో మన 'అని' వున్నచోట వాళ్ళ 'తొ' వుంటుంది. అన్నకూ తమ్ముడికీ, అక్కకూ చెల్లెలికీ వేరువేరు మాటలున్నాయి. 'గారు' వంటి 'సాన్' వుంది. గలగల, టపటప వంటి జంట మాటలు లేనిదే వాళ్ళకు పూట గడవదు. ఆఖరికి వాళ్ళ అక్షరమాల కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరసలో నడుస్తుంది. బౌద్ధ సన్యాసులు సంస్కృతం కోసం నేర్చుకున్న సిద్ధం లిపి ప్రభావంతో ఏర్పడిన వరస అది. మన గుణింతాలు చదివిన పిల్లకు కొత్తేమీ కాదు.

ఇంతమాత్రాన తెలుగూ జపనీసూ అక్కచెల్లెళ్ళని నేననటం లేదు. సుసుము ఓనో అనే పండితుడు తమిళానికీ జపనీసుకూ చుట్టరికం కలిపాడు గాని, భాషాశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. అది తేలికైన భాష అనీ అనను. చైనానుంచి వచ్చిన అక్షరాలు, నిత్య వ్యవహారానికని 2010లో వారి ప్రభుత్వం సవరించిన పట్టికలోనే 2,136 వున్నాయి. నేనింకా మూడు వందలు దాటలేదు. అయితే వాటిలోనూ మన సరుకు కనబడుతుంది. ఒక చతురస్రం గీసి, మధ్యలో నిలువుగా ఒకటీ అడ్డంగా ఒకటీ గట్లు వేస్తే 'వరిమడి' అనే అక్షరం. మన రోడ్ల మీద తిరిగే హోండా పేరులో చివరి అక్షరం ఆ మడే. దాని కింద 'బలం' అనే అక్షరం చేరిస్తే 'పురుషుడు' అట. మా ఊళ్ళో నడుములు విరిగేలా నాట్లు వేసేది ఆడవాళ్ళు కదా అని నాకు కోపం వచ్చిన మాట దాచను.

ఇక సాహిత్యం. జపాను సాహిత్యం తెలుగువారికి పరాయిది కాదు. ఇస్మాయిల్ వంటి కవులు హైకూలు రాశారు. తెత్సుకో కురొయనగి 1981లో రాసిన 'తొత్తో చాన్', 'రైలుబడి'గా మన ఉపాధ్యాయుల చేతుల్లోకి వచ్చింది. మసనోబు ఫుకుఒకా 1975లో ప్రకటించిన పుస్తకం 'గడ్డిపరకతో విప్లవం'గా మన రైతులకు చేరింది. మొక్కల తెగుళ్ళు చదివి, యొకొహామా కస్టమ్స్ లో మొక్కల తనిఖీ ఉద్యోగం చేసి, దాన్ని వదిలి షికొకు దీవిలో సొంత ఊరికి వెళ్ళి సేద్యం చేసినవాడాయన. కాని ఇలాంటివి దాదాపు అన్నీ మనకు ఇంగ్లీషు మీదుగానే వచ్చాయి. కాలవ చివరి చేనుకు నీరు వచ్చేసరికి దారిలో ఎంత ఇంకిందో చివరి రైతుకు తెలియదు. మన స్థితి అదే.

అసలు రానివాళ్ళు ఇంకెందరో! కెంజి మియజవా (1896–1933) వ్యవసాయ కళాశాలలో చదివి, వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పి, 1926లో ఆ ఉద్యోగం మానుకున్నాడు. చుట్టుపక్కల రైతులకు ఏ నేలకు ఏ ఎరువు ఎంత వేయాలో ఉచితంగా లెక్కలు కట్టి ఇచ్చాడు. రాత్రిళ్ళు కవితలూ పిల్లల కథలూ రాశాడు. ముప్ఫై ఏడేళ్ళకే పోయాడు. సైన్సు విద్యార్థికి సాహిత్యంతో పనేమిటి అనేవారికి అంతకంటే జవాబు ఏం చెప్పగలం?

సైన్సు మాట వచ్చింది గనుక ఇంకొక్కటి. 1771లో సుగితా గెంపకు, మరికొందరు వైద్యులు ఒక శవపరీక్ష చూశారు. తమ దగ్గరున్న డచ్చి పుస్తకంలోని బొమ్మలే నిజమని తేలింది. సరైన నిఘంటువు లేకుండా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, 1774లో ఆ పుస్తకాన్ని తమ దేశంలో ప్రచురించారు. నరం అనటానికి 'షింకే' అనే మాటను ఆ అనువాదంలోనే పుట్టించారు. నేటికీ అక్కడ అదే మాట. ఈనాడు వారి పిల్లలు బడి నుంచి యూనివర్శిటీ దాకా సొంత భాషలో సైన్సు చదువుకోగలుగుతున్నారంటే, పరాయి భాష నేర్చినవాళ్ళు తెచ్చినదాన్ని ఇంటికి తెచ్చి పెట్టటం వల్లనే. భాష నేర్చినవాడి బాధ్యత అదీ!

"కబుర్లు బాగానే వున్నాయి గాని ఉద్యోగం మాటేమిటి?" అని మీరడుగుతారు. అప్పు చేసి ఎరువు కొనే ఇంటినుంచి వచ్చినదాన్ని, ఉద్యోగం అక్కరలేదని ఎలా అంటాను? జపాను ప్రభుత్వం 2019లో విదేశీ నిపుణ కార్మికులకు కొత్త వీసా పెట్టింది. 2021లో మన దేశంతో ఒప్పందం చేసుకుంది. వృద్ధుల సేవతో పాటు వ్యవసాయం కూడా అందులో వుంది. ఎందుకంటే 2020 గణాంకాల ప్రకారం అక్కడ సేద్యమే ప్రధాన వృత్తిగా వున్నవారి సగటు వయస్సు 67.8 ఏళ్ళు. మా ఊరి పొలాల్లో చూసినా కుర్రవాళ్ళు కనబడటం లేదు. మనకు రాబోయే కష్టం వాళ్ళకు ముందే వచ్చింది. వాళ్ళు దాన్ని గురించి ఏం రాసుకున్నారో, ఏం ప్రయత్నించారో, ఎక్కడ ఓడిపోయారో తెలుసుకోవద్దా? 'సరేనండి, చేస్తానండి' అనటానికి చాలినంత భాషతో విమానం ఎక్కితే మనం పనివాళ్ళం మాత్రమే అవుతాము.

శాంతినికేతనంలో 1954 నుంచి జపనీసు చెబుతున్నారు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో వుంది. మన హైదరాబాదులో ఇఫ్లూలో వుంది. అందరం అక్కడికి పోలేము. మన ఆవరణలో సాయంకాలపు సర్టిఫికెట్ కోర్సు ఒకటి పెట్టి, సైన్సువాళ్ళనూ రానివ్వటం అసాధ్యమేమీ కాదు. పాఠాలు తెలుగులో చెప్పాలి. తెలుగు–జపనీసు వ్యాకరణం ఒకటి, చిన్న నిఘంటువు ఒకటి మన తెలుగు శాఖ పూనుకుంటే తయారవుతాయి. పాఠ్యప్రణాళికలో ఆఫీసు సంభాషణల పక్కన ఒక కథ, ఒక రైతు పుస్తకం వుండాలి. మన యూనియన్ ఈ ఏటి కోర్కెల పట్టికలో హాస్టలు భోజనం తర్వాతనైనా దీన్ని చేర్చాలని మనవి.

సెలవులయ్యాక బయలుదేరే ముందు నాన్నకు ఆ మాటలన్నీ అప్పజెప్పాను. "మన పనికి ఇన్ని మాటలున్నాయంటే అది చదవదగ్గ భాషే. కాని నువ్వు చదివింది నాకు తెలుగులో చెప్పాలి" అన్నాడు.

చెబుతానని మాట ఇచ్చి వచ్చాను.