నీళ్లకు 15 గుర్తులు

మోర్స్ కోడ్‌లో ఇంగ్లిష్ ‘ఈ’కి ఒకే చుక్క, ‘క్యూ’కి 4 గుర్తులు. ఎక్కువ వాడే అక్షరానికి తక్కువ ఖర్చు. ఫైళ్లను కుదించే జిప్‌దీ ఇదే లెక్క. తెలివైనదే, కాకపోతే ఇంగ్లిష్ కోసం కట్టిన లెక్క. పామిడిలో స్కౌట్లుగా ఉన్నప్పుడు ఎండిన పెన్న ఇసుకలో అటో జట్టు, ఇటో జట్టు నిలబడి ఈలలతో సందేశాలు పంపుకునేవాళ్లం. ‘నీళ్లు’ అనడానికి ఇంగ్లిష్ అక్షరాల్లో 15 గుర్తులు. ‘వాటర్’కి 10 చాలు. గొంతెండినోడు ఏది ఊదుతాడు చెప్పండి? సెమాఫోర్‌లో ఆ తేడా లేదు. రెండు జెండాలు, అక్షరానికో భంగిమ. ‘నీళ్లు’కి 6, ‘వాటర్’కి 5. ఒక్కటేగా ఎక్కువ! జెండాలు చేతికొస్తే మాత్రం ‘నీళ్లు’ అనే పంపేవాళ్లం.