మినుము చేలో వియ్యాలు

జనవరిలో విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి వెళ్తుంటే, కోసిన వరి మోళ్ళ మధ్య మినుము చేలు కనిపిస్తాయి. అది దున్ని విత్తిన నేల కాదు. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు విత్తనం చల్లేస్తారు. మట్టిలో మిగిలిన తేమా, రాత్రి కురిసే మంచూ చాలు దానికి. కోత మిషన్లు వచ్చాక ఈ పద్ధతికి కాస్త ఇబ్బంది ఎదురైంది గానీ, గారెలూ సున్నుండలూ తినే నాలుకలున్నంత కాలం డెల్టా మినుమును వదులుకోదు.

ఆ పచ్చటి చేలో అక్కడక్కడా ఆకుల మీద పసుపు మచ్చలతో కొన్ని మొక్కలుంటాయి. బస్సు కిటికీలోంచి చూసేవాళ్ళకు అవీ అందంగానే కనిపిస్తాయి. రైతుకు మాత్రం గుండె జారుతుంది. అది పల్లాకు తెగులు. లేత వయసులోనే సోకితే కాయ పట్టదు, పట్టినా గింజ నిండదు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ చేసే పని ఇది. 1960లో ఢిల్లీలో పెసర పైరు మీద ఈ తెగులును వివరించారు. అంతకు ముందు మన పెద్దలు ఆ పసుపు ఆకుల్ని ఎన్నిసార్లు చూసి నిట్టూర్చారో ఎవరు చెప్పగలరు!

ఈ వైరస్ సంసారమే విచిత్రం. దాని జన్యువులన్నీ ఒకచోట ఉండవు. రెండు చిన్న డీఎన్ఏ వలయాల్లో సర్దుకుని ఉంటాయి. ఒక్కో వలయంలో సుమారు 2,700 అక్షరాలు. శాస్త్రవేత్తలు వాటిని ఏ, బీ అంటారు. కాపీలు తీయడం, పైపెంకు తయారు చేసుకోవడం ఏ పని. మొక్కలో ఒక కణం నుంచి మరో కణానికి దారి చేయడం బీ పని. రెండూ వేర్వేరు పెంకుల్లో ప్రయాణిస్తాయి. మొక్కలోకి రెండూ చేరితేనే కాపురం నిలబడేది.

ఉత్తరాదిన ఎక్కువగా కనిపించే పల్లాకు వైరస్ ఒకటి, మన దక్షిణాదిది మరొకటి. రెండూ దాయాదులే. ఒకే మొక్కలో రెండూ తారసపడితే ఒకదాని ఏ, రెండోదాని బీతో జతకట్టవచ్చు. తమిళనాడు మినుములో అలాంటి జతలు దొరికాయి కూడా. మన ఊళ్ళలో కుండమార్పిడి సంబంధాలని ఉండేవి చూడండి, వీళ్ళ పిల్లను వాళ్ళింటికి ఇచ్చి, వాళ్ళ పిల్లను వీళ్ళింటికి తెచ్చుకునేవారు. ఇదీ ఆ బాపతే.

తెచ్చుకోగానే సరిపోదు కదా. బీకి కాపీలు తీయాల్సింది ఏ. బీ మీద తనకు తెలిసిన గుర్తు ఉంటేనే ఏ దాన్ని తనదిగా ఒప్పుకుంటుంది, లేకపోతే ముట్టుకోదు. ఈ జాతి వైరస్‌లలో కొన్ని బీ వలయాలు ఏం చేశాయంటే, తమ పాత గుర్తున్న ముక్కను వదిలేసి, కొత్త ఏ తాలూకు గుర్తున్న ముక్కను తగిలించుకున్నాయి. అచ్చంగా ఇంటిపేరు మార్చుకోవడమే! అలా సర్దుకున్నవి నిలిచాయి. సర్దుకోలేనివి ఏ ఆకులోనో అణగిపోయి ఉంటాయి. వాటి కథ ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మినుము, పెసర లాంటి పప్పుజాతి పైర్లను పట్టే ఈ వైరస్‌లు ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ చాలావరకు తమలో తామే చేసుకుంటాయి. పక్క మడిలో టమాటా వైరస్ ఉన్నా, మోసే తెల్లదోమ అదే అయినా, దానితో కలుపుకోవడం అరుదు. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలన్న మాట వీటికీ వర్తిస్తుందేమో.

మనుషుల జబ్బుల్లోనూ ఇదే తంతు. స్వైన్ ఫ్లూ రోజులు గుర్తున్నాయా? మన దేశంలో తొలి కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లోనే తేలింది, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. ఆ వైరస్‌లోని ఎనిమిది జన్యు ముక్కలూ పందుల ఫ్లూల నుంచే వచ్చాయి గానీ, వాటిలో కొన్ని అంతకు ముందే పక్షుల నుంచీ, ఒకటి మనిషి నుంచీ పందుల్లోకి చేరినవి. అప్పట్లో పక్కవాడు తుమ్మితే చాలు, ఆమడ దూరం జరిగేవాళ్ళం. 2010 ఆగస్టులో ఆ మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. చిన్న చిన్న మార్పులతో మనుషులకు అలవాటు పడి, ఏటా వచ్చే మామూలు ఫ్లూ జ్వరాల్లో ఒకటైపోయింది.

ఆలోచిస్తే పైర్ల విషయంలో మనం చేసేదీ ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రంలో ఒక మినుముకు మరో మినుమును సంకరం చేసి, తెగులును తట్టుకునే రకాలను వెతుకుతారు. ఎల్‌బీజీ 787 అలా వచ్చిందే. ఎక్కడో పంత్‌నగర్‌లో పుట్టిన పీయూ 31 అనే మినుము రకం కృష్ణా చేలకు నడిచొచ్చింది. వెనకటికి బూడిద కలిపి కుండల్లో దాచుకున్న మినుములు ఊళ్ళోనే చేతులు మారేవి. అత్తారింటికి వెళ్ళే ఆడపిల్ల మూటలో కూడా విత్తనాలు ఉండేవేమో.

అలా వచ్చిన రకం మొదటి ఏడే మన నేలను తనదనుకోదు. గింజ మెరుపు బాగుండాలి, వరి తడికి ఓర్చుకోవాలి, నేలలో తేమ ఆరిపోయేలోగా కాపు ముగించాలి. అందుకే తెలిసిన రైతు కొత్త రకాన్ని ముందు ఒక చిన్న చెక్కలో చల్లి చూస్తాడు. నచ్చితే మరుసటి ఏడు ఎకరం, ఆ పై ఏడు మొత్తం చేను. ఈలోగా ఆకు కింద వైరస్ కూడా తన ప్రయత్నంలో తను ఉంటుంది. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం.

ఊళ్ళో మినుము వేసే బంధువు మీకు ఒక్కరైనా ఉండే ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యాలూ పిల్లల చదువులూ అయ్యాక, ఈ ఏడు ఏ రకం చల్లారో, పల్లాకు ఏమైనా కనిపించిందో అడగండి. చెప్పడానికి వాళ్ళ దగ్గర చాలా ఉంటుంది. అడిగేవాళ్ళే తగ్గారు.