పుట్టగొడుగులకు వెండి పరీక్ష చాలదు

మా హచ్చొళ్ళి వైపు అణబె అన్నా పుట్టగొడుగు అన్నా ఒకటే. వాన వెలిస్తే పిల్లలు ఏరుకొస్తారు. కూరలో వేసిన వెండి నాణెం నల్లబడకపోతే మంచివేనన్న మాట నేనూ విన్నాను. నమ్మకండి. ఈ విషానికీ వెండికీ సంబంధం లేదు. కొన్ని అమానిటా జాతుల్లోని అమాటాక్సిన్ ఎంత ఉడికించినా పోదు. తిన్నాక 6 గంటలు, ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు వచ్చి తగ్గినట్టే ఉంటుంది. లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. అనుమానం రాగానే, మిగిలిన ముక్కతో సహా ఆసుపత్రికి వెళ్ళండి.

తినాలని ఉంటే పెంచినవే తినండి. మన వరిగడ్డిని వేడినీళ్ళలో శుద్ధిచేసి విత్తనం కలిపితే, సుమారు నెలకు ముత్యపు చిప్ప పుట్టగొడుగులు చేతికొస్తాయి. ఆ విత్తనం బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇస్తుంది. ఊరూ పేరూ తెలియని గొడుగును మాత్రం పొయ్యి ఎక్కనివ్వకండి, తల్లులారా!