ఎక్స్-రే గదిలో ఎవరుండాలి?

పిల్లలూ,

పోయిన మార్చిలో మా వీధిలో ఒక సంగతి జరిగింది. మా పర్చూరులో అవి మిరపకాయలు కోసి, ఎండబెట్టి, గోతాలకెత్తే రోజులు. ట్రాక్టరులో టిక్కీల మీదికెక్కి కూర్చున్న ఏడేళ్ల కుర్రవాడొకడు జారి పడ్డాడు. మోచేయి వాచిపోయింది. వాడి తండ్రి అంతకుముందే ఒక లోడుతో గుంటూరు యార్డుకు వెళ్లి ఉన్నాడు. అందువల్ల తల్లి, నాయనమ్మ, నేను కలిసి వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాము.

ఎక్స్-రే గది తలుపు దగ్గర పేచీ వచ్చింది. "నేను పక్కన లేకపోతే నా బిడ్డ ఉండడు" అని తల్లి పట్టుబట్టింది. నాయనమ్మ ఏడుపు చూసి వాడు మరింత ఏడుస్తున్నాడు. ఎక్స్-రే తీసే అబ్బాయి తల్లిని మెల్లగా, "అమ్మా, మీరేమైనా గర్భంతో ఉన్నారా?" అని అడిగాడు. ఆమె లేదన్నట్లు తల ఊపింది. ఒక్క క్షణం ఆగి, నా వైపు చూడకుండా, "మూడో నెల" అన్నది.

నలుగురిలో ఆ మాట చెప్పడానికి ఆమెకు సిగ్గు. అయినా చెప్పి మంచిపని చేసింది. ఆ కాస్త కిరణాలతో కీడు జరిగి తీరుతుందని కాదు. కడుపులోని బిడ్డకు అనవసరంగా రవ్వంత కూడా తగలనివ్వరాదు.

మా చిన్నప్పటి పుస్తకాలలో వీటిని క్ష-కిరణాలనేవారు. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ వీటిని కనుగొన్నాడు. డిసెంబరు 22న తన భార్య చేతినే ఫలక మీద పెట్టించి చిత్రం తీశాడు. వేళ్ల ఎముకలు, ఉంగరం స్పష్టంగా పడ్డాయి. అప్పుడామెకు ఏ రక్షణా లేదు. ఈ కిరణాలు హాని చేయగలవని అప్పటికి ఎవరికీ తెలియదు మరి!

ఇప్పుడు తెలుసు. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం, ఎక్స్-రే తీసేటప్పుడు పసివాణ్ణి పట్టుకోవలసి వస్తే బంధువుగాని, వెంట వచ్చిన పెద్దవారుగాని పట్టుకోవాలి. ఆసుపత్రి ఉద్యోగి పట్టుకోరాదు. ఎందుకో ఊహించారా? మనకది ఎప్పుడో ఒకసారి వచ్చే పని. ఆయన పట్టుకుంటే రోజూ ఎన్నోసార్లు!

అలా ఆ పని నా నెత్తిన పడింది. నాకు సీసం ఏప్రన్ తొడిగారు. అబ్బో, ఏమి బరువు! వాణ్ణి పట్టుకుంటూనే వీలైనంత ఎడంగా నిలబడమన్నారు. దూరం రెట్టింపయితే తగిలే కిరణాలు సుమారు నాలుగోవంతుకు తగ్గుతాయి. వాడు కదిలితే చిత్రం చెదిరి, మళ్లీ తీయవలసి వస్తుంది. "అయిదు లెక్కపెడతాను, బొమ్మలా ఉండు" అన్నాను. తల్లి తలుపు అవతలనుంచి వాడికి వినబడేలా మాట్లాడుతూనే ఉన్నది. నేను మూడు అనేసరికి అయిపోయింది. దీపం ఆర్పితే వెలుగు మిగలనట్లే, మీట ఆపితే ఆ కిరణాలూ గదిలో మిగలవు. వెంటనే తల్లి వచ్చి వాణ్ణి ఎత్తుకున్నది.

ఎమ్మారై గది సంగతి వేరు. అక్కడ క్ష-కిరణాలుండవు, బలమైన అయస్కాంతం ఉంటుంది. యంత్రం చప్పుడు చేయనప్పుడు కూడా అది లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో రోగి బంధువొకాయన ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడ తోడు కూర్చోనిచ్చినా, తాళంచెవులూ నాణేలూ బయట పెట్టాలి. ఒంట్లో పేస్‌మేకరు వంటిది ఉంటే ముందే చెప్పాలి.

కొన్ని వారాల తరువాత ఆ తల్లి తన స్కానింగుకు వెళ్లింది. అందులో వాడేవి మన చెవికి అందని ధ్వని తరంగాలు. అందుచేత డాక్టరమ్మ పిల్లవాణ్ణి కూడా లోపలికి రానిచ్చింది. "తమ్ముడా, చెల్లెలా?" అని వాడు అడగగానే ఆమె గోడమీది బోర్డు చూపించింది. 1994 నాటి చట్టం ప్రకారం ఆ సంగతి చెప్పరాదు. తరువాత తెరమీద గబగబ కొట్టుకుంటున్న చిన్న గుండెను చూపించింది. వాడు పిండికట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మా, పాపకు చలేస్తోందా?" అన్నాడట.