వెతికితే బంగారమే... వెతకడమే కష్టం!

ప్రొద్దుటూరు అనగానే ఏం గుర్తొస్తుంది? బంగారం అంగళ్లు. జమ్మలమడుగు అంటే? గండికోట. పులివెందుల అంటే? రాజకీయాలు. ఇంటర్నెట్‌లో ఈ మూడు పేర్లూ కొట్టి చూసినా ముందుగా వచ్చేవి ఇంచుమించు ఇవే... నగల ప్రకటనలు, పెన్న లోయ అంచున దిగిన ఫొటోలు, ఎన్నికల వార్తలు. ‘మన ఊరి సంస్కృతి గురించి రెండు పేజీలు రాసుకురండి’ అని బడిలో పంతులుగారు చెబితే, పిల్లాడు గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చున్నా చేతికి చిక్కేది అంతంత మాత్రమే.

అలాగని ఈ ఊళ్ల సంగతులు నెట్‌లో లేవా అంటే, ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీలున్నాయి. డిజిటల్ లైబ్రరీల్లో స్కాన్ చేసిన పాత పుస్తకాలున్నాయి. అభిమానులు సొంత ఖర్చుతో నడిపే వెబ్‌సైట్లు, బ్లాగులు, అమ్మవారిశాల దసరా ఉత్సవాల వీడియోలు... అన్నీ ఉన్నాయి. కానీ తలో మూలా పడి ఉన్నాయి. ఇంట్లో ఉన్న వస్తువైనా అవసరానికి దొరక్కపోతే లేనట్టే కదా!

దీనికి మందు పాతదే. ఏది ఎక్కడుందో చెప్పే జాబితా ఒకటి తయారు చేసుకోవడం. అదీ ఎవరో ఒకరు కాదు, ఊరివాళ్లంతా కలిసి.

జాబితాల కాలం

నిజానికి ఇంటర్నెట్ తొలి రోజుల్లో దారి చూపింది జాబితాలే. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన వెబ్‌సైట్లను ఒకచోట రాసి పెట్టుకున్నారు. అదే పెరిగి పెద్దదై యాహూ అయింది. 1998లో ‘ఓపెన్ డైరెక్టరీ’ వచ్చింది. అక్కడ జీతగాళ్లు లేరు. ఇష్టమున్నవాళ్లు తలా ఒక విషయం పంచుకుని, ఒక్కో సైటూ చూసి, బాగుంటే ఒక వాక్యం పరిచయంతో చేర్చేవారు. తెలుగుకూ అందులో చోటుండేది. మనవాళ్లూ ఊరుకోలేదు. 2006లో వచ్చిన ‘కూడలి’ తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోటికి తెచ్చింది. అప్పటి బ్లాగు పాఠకులకు అదే రచ్చబండ.

తర్వాత వెతుకులాట యంత్రాలదే రాజ్యమైంది. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, ఓపెన్ డైరెక్టరీ 2017 మార్చిలో మూతపడ్డాయి. ఓపెన్ డైరెక్టరీ పాత కార్యకర్తలు కొందరు ‘కర్లీ’ అనే పేరుతో ఆ పని కొనసాగించారు.

యంత్రం ఉండగా మనిషి రాసే జాబితా ఎందుకు? ఎందుకంటే, యంత్రానికి ఊరు తెలియదు. కలమళ్ల సంగతే చూడండి. ఎర్రగుంట్ల మండలంలోని ఈ ఊళ్లో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన శాసనాన్ని, క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనంగా చెబుతారు. ఆ ప్రాంతంలోనే ఉన్న ఎర్రగుడిపాడులోనూ రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. ఒకదాని సంగతులు ఇంకోదానికి అంటగట్టడం మామూలైపోయింది. యంత్రం ఎక్కువమంది చూసిన పేజీని ముందు పెడుతుంది. అందులో ఏ శాసనం ఏ ఊరిదో సరిచూసి చెప్పాల్సింది ఆ దారిన తిరిగిన మనిషే.

పేర్లతోనూ చిక్కే. కడపకు ఇంగ్లీషులో పాత స్పెల్లింగ్ ‘సి’తో మొదలయ్యేది. 2005లో ‘కె’ వచ్చింది. 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. ప్రొద్దుటూరును పొద్దుటూరనేవారున్నారు, పులివెందులను పులివెందల అనేవారూ ఉన్నారు. ఏ పేరుతో వెతికినా ఒకే చోటికి చేర్చాలంటే ఆ పేర్లన్నీ ఎరిగినవారు కావాలి. కేతు విశ్వనాథరెడ్డి లాంటి కథకుడు కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే పరిశోధన చేశారంటే, అందులో ఎంత చరిత్ర దాగి ఉందో ఊహించవచ్చు.

మెకంజీ చూపిన దారి

ఈ పని కడప జిల్లాకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరికీ పంపి గుళ్లు, కోటలు, చెరువులు, వంశాల వివరాలు రాయించాడు. కరణాల కవిలెలు, పెద్దలు చెప్పిన మాటలు వాటికి ఆధారం. అవే కైఫీయత్తులు. ఆ తర్వాత బ్రౌన్ దొర వాటికి నకళ్లు రాయించాడు. కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. ఆయన బంగళా ఉన్నచోటే నేడు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసిందీ ఆ కేంద్రమే.

ఊరివాళ్లను అడగడం, నాలుగు ప్రతులు పోల్చడం, నకలు దాచడం... వెబ్‌సైట్ల జాబితాకైనా సూత్రాలు ఇవే.

ఎలా మొదలుపెట్టాలి?

మూడు ఊళ్లకూ మూడు భాగాలు చేసుకుంటే చాలు. ప్రొద్దుటూరు కింద పుట్టపర్తి నారాయణాచార్యులు, గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని. జమ్మలమడుగు కింద గండికోట. ఒకే కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలూ, జుమ్మా మసీదూ ఉన్నాయి కాబట్టి అన్నిటికీ చోటివ్వాలి. పులివెందుల కింద పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి. ఇవి మచ్చుకే.

ప్రతి సైటుకూ నాలుగు సంగతులు రాయాలి. అందులో ఏముంది? నడిపేదెవరు? జాబితాలో చేర్చిందెవరు? చివరిసారి ఎప్పుడు చూశారు? ‘మా గుడే పాతది’, ‘మా వంశమే గొప్పది’ అనే తగాదాలు తప్పవు. జాబితా తీర్పు చెప్పకూడదు. ఎవరేం చెబుతున్నారో చెప్పి ఊరుకోవాలి. పుట్టపర్తివారు ‘శివతాండవం’ అగస్త్యేశ్వరాలయంలో రాశారని చెబుతారు. ‘చెబుతారు’ అన్న ఆ ఒక్క మాటా పోకుండా చూసుకుంటే చాలు.

అసలు కష్టం మొదలుపెట్టడంలో లేదు, నిలబెట్టడంలో ఉంది. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు లక్షలాది సొంత పేజీలు అంతర్జాలం నుంచి మాయమయ్యాయి. చిన్న సైట్లది ఇంకా దీనగాథ. ఏటా అద్దె కట్టే పెద్దాయన కన్నుమూస్తే, పాస్‌వర్డు పిల్లలకు తెలియదు. పదేళ్ల శ్రమ ఒక్క గడువు తేదీతో తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే జాబితాలో చేర్చిన ప్రతి పేజీకీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకలు దాచిపెట్టాలి. అది ఉచితమే. ఏటా ఒకసారి, దసరా సెలవుల్లో అనుకోండి, ప్రతి లంకెనూ నొక్కి చూడాలి. చచ్చిపోయినవాటికి గుర్తు పెట్టాలి. జాబితా తాళం ఒక్కరి చేతిలో కాక కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. అచ్చు ప్రతి ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉండాలి.

ఇందుకు పెద్ద చదువులు అక్కర్లేదు. కోటలో ఏ గుడి ఎక్కడుందో తాతకు తెలుసు. లంకె ఎలా నొక్కాలో మనవరాలికి తెలుసు. ఆదివారం పూట ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే రెండు సైట్లు సరిచూడటానికి గంట చాలు. అలా ఊరికి పది ఇళ్లు కూర్చుంటే, పంతులుగారడిగిన రెండు పేజీల కోసం పిల్లాడు ఇక తడుముకోనక్కర్లేదు.

బంగారం గీటురాయి మీద గీసి చూడందే ప్రొద్దుటూరు కొనదు. తన ఊరి సంగతుల్ని మాత్రం ఎవరో రాశారని అలాగే నమ్మేస్తే ఎలా?